మంచి కోసం చంపినవాణ్ని నవల చివర్లో పట్టించాలా, వదిలెయ్యాలా?

మట్టికోట (హన్మకొండ)

అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మూడేళ్లుగా రాత్రి షట్టర్ సగం దించాక కూర్చుని ఒక నవల రాస్తున్నా. చారిత్రక మిస్టరీ, ఓరుగల్లు కోట ముట్టడి కాలం, 1323. అంతా అయిపోయింది, చివరి అధ్యాయం మాత్రం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తీసేశా. ఇక నా వల్ల కాక మీ ముందుకొచ్చా.

కథ కొంచెం చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు. ఢిల్లీ సైన్యం అంతకుముందే ఒకసారి సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్‌తో వచ్చి కోటను చుట్టుముట్టింది. అయితే ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది, అక్కడ సుల్తాను పోయాడని సైన్యంలో పుకారు లేచింది, దండు చెదిరి దేవగిరి దారి పట్టింది. ఆ పుకారు లేపినవాళ్లలో ఉబైద్ అనే కవి ఉన్నాడని పాత రాతలు చెప్తాయి (వాట్సాప్ లేని రోజుల్లోనే పుకారుతో ముట్టడి విరిగిన ఊరు మనది). మనవాళ్లు గెలిచామనుకున్నారు. అదే ఉలుగ్ ఖాన్ మళ్లీ బలగం కూర్చుకుని దిగాడు. నా కథంతా ఈ రెండో ముట్టడిలో.

కోటలో గింజలు తగ్గిపోతుంటాయి. ధాన్యపు కొఠారు చూసే అధికారి రాత్రిళ్లు దొంగచాటుగా తూములకు తూములు అమ్ముకుంటుంటాడు. ఒకరోజు పొద్దున్నే కొఠారులో శవమై ఉంటాడు, నోటినిండా వడ్లు కుక్కి ఉంటాయి. ఎవరు చంపారో ఆరా తీసేది ప్రసూతిశాలలో పనిచేసే ముసలి మంత్రసాని. ప్రసూతిశాల నేను కల్పించింది కాదు, 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల రెండూ ఉన్నాయి. ఆ శాసనం గుంటూరు వైపుది, నేను మన కోటలోకి తెచ్చుకున్నా, అంతే.

చంపింది ఒక బురుజు కాపలా కాసే పాత సైనికుడు. నిజంగా మంచోడు, తన వాటా గింజలు పక్కింటి పిల్లలకు పెట్టి తను అంబలి తాగే మనిషి. అధికారి ఇంకో నెల బతికితే కోటలో పిల్లలు ఆకలికి చస్తారని లెక్కేసుకున్నాడు. కొఠారు గాలిసందులోంచి ఎండు మిరపకాయల పొగ పెట్టి కాపలావాళ్లను బయటికి రప్పించి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని లోపలికి పోయి పని ముగించాడు. ఆ పొగకు లోపల ఎవరో దగ్గుతారు, అట్లా ఒక సాక్షి పుడతాడు, అది వేరే కథ, ఇప్పుడొద్దు.

మంత్రసాని అతన్ని కనిపెట్టి ప్రతాపరుద్రుడి మనుషులకు పట్టిస్తుంది. ఇది చదివి మా వదిన పుస్తకం టేబుల్ మీద విసిరేసింది. "ఆయన చేసినదాంట్లో తప్పేముంది? కోట కూలుతుంటే ఆ ముసలామెకు వేరే పని దొరకలేదా?" అంది. సరే అని వదిలేసినట్టు మార్చి రాశా. షాపుకు ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటుకొచ్చే ఒక డిగ్రీ అమ్మాయికి ఇస్తే, చదివి, "అంకుల్, ఇంత వెతికించి చివరికి వదిలేస్తే నన్ను మోసం చేసినట్టుంది" అంది.

ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే నా బాధ. ఇట్లాంటి నవలలు చదివే మీకు ఏది ఒప్పుతుంది? మంచి కోసం చేశాడంటే హత్య మాఫీ అవుతుందా?

గీసుకొండ కుర్రాడు

నోట్లో వడ్లు కుక్కి చంపాడా! అన్నా సూపర్. వదిలెయ్. నేనైతే ఆ పేజీ దగ్గర విజిల్ వేస్తా. మా ఊళ్లో ఒక సంతకం కోసం పదకొండుసార్లు తిప్పినవాడు ఒకడున్నాడు, వాడు గుర్తొచ్చాడు.

పాతపుస్తకాల పిచ్చి

విజిల్ సంగతి తర్వాత. నాకు ఇట్లాంటి నవలలంటే పిచ్చి, స్కూల్లో ఉన్నప్పటి నుంచి అద్దె లైబ్రరీలో రోజుకు అర్ధరూపాయి కట్టి చదివినవాణ్ని, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక చేసుకోండి.

మీ సైనికుడికి తను చేస్తున్నది సరైన పనే అని అంత నమ్మకం ఎక్కడిది? మీరిచ్చారు. అధికారి దొంగ అని మీరే రాశారు, దొంగసొమ్ము మూటలు మీరే చూపించారు, అతని పొట్ట కూడా వర్ణించే ఉంటారు (ఉంటారు, పందెం). అంతా రాసేవాడి చేతిలో ఉన్నప్పుడు, వాణ్ని చంపడం తప్పని చదివేవాడు అనుకోడానికి సందు లేదు. నిజం ముట్టడిలో అట్లా ఉండదు కదా. ఆకలితో ఉన్న ఊళ్లో ప్రతివాడూ దొంగలాగే కనపడతాడు. ఆ అధికారి అమ్ముతున్న గింజలు ఇంకెవరి మాట మీదో, ఇంకేదో కొనడానికి అమ్ముతున్నాడేమో అన్న అనుమానం ఒక్కసారైనా నవల్లో రావాలి. అది లేకపోతే మీది మిస్టరీ కాదు, శిక్ష వేసేశాక నడిపిన విచారణ.

ఇంకోటి. చారిత్రక నవలకు మామూలు డిటెక్టివ్ నవలకు లేని ఇబ్బంది ఒకటుంది, అదే దాని బలం కూడా. చివరికి ఏమైందో మనకు ముందే తెలుసు. కోట పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలోనే చనిపోయాడు, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. మీ ముసలాయన ఏ కోట కోసం చంపాడో అది మిగల్లేదు. అతనికి తెలియదు, మనకు తెలుసు. ఈ తేడాను వాడుకోకుండా ముగింపు ఎట్లా రాస్తారు?

రష్యాలో 1881లో జార్ రెండో అలెగ్జాండర్‌ను బాంబు వేసి చంపారు. చంపినవాళ్లు దొంగలు కాదు, జనం కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడ్డవాళ్లు. అదే రోజు పొద్దున ఆ జార్, చట్టాల విషయంలో ఎన్నికైన ప్రతినిధుల సలహా కూడా తీసుకునే ఒక ప్రణాళికకు ఒప్పుకుని ఉన్నాడు. కొడుకు గద్దెనెక్కి దాన్ని అటకెక్కించాడు, నిర్బంధం ఇంకా పెరిగింది. లెక్క వేసి చంపేవాళ్ల లెక్కలు ఇట్లా తప్పుతుంటాయి.

అందుకని నా ఓటు పట్టించడానికే. సరేగానీ, ఆ దగ్గినవాడు ఎవరు? ఏమయ్యాడు? "వేరే కథ" అని తప్పించుకోవద్దు, మిస్టరీ చదివేవాళ్లకు వేరే కథ ఉండదు.

జనగామ టీచర్

పిచ్చిగారూ, మీరు రష్యా దాకా పోయారు, నేను యాభై కిలోమీటర్ల లోపలే ఉంటా.

కడవెండిలో 1946 జులై 4న జనం ఊరేగింపుగా పోతుంటే విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు, దొడ్డి కొమరయ్య అక్కడికక్కడ పోయాడు. అప్పటికి దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తుపాకులు తర్వాత వచ్చాయి. నేను పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఒక మాట అడుగుతా, హింస ఎప్పుడు మొదలైందిరా అని. నూటికి తొంభై మంది "తుపాకులు పట్టినప్పుడు" అంటారు. ఒకరో ఇద్దరో "వెట్టి చేయించినప్పుడు" అంటారు, వాళ్లకు చాక్లెట్.

మీ మిస్టరీ నవలల మీద నా ఫిర్యాదు ఇదే. పుస్తకంలో మొదటి శవం ఎవరిదో వాళ్లకే న్యాయం కావాలని మొత్తం కథ పరుగెత్తుతుంది. కానీ ఆ శవానికి ముందే చచ్చినవాళ్లు ఉంటారు, ఆకలికి, దెబ్బలకు, పురుడు పోసుకున్న మూడోరోజే పొలంలోకి తోలితే. వాళ్లను ఎవరు చంపారని ఏ డిటెక్టివూ ఆరా తియ్యడు. ఒకటో అధ్యాయం ఎక్కడ మొదలుపెడతారన్న దాన్నిబట్టి హంతకుడు మారిపోతాడు. అందుకే మీ వదినగారి కోపం నాకు అర్థమైంది. ఆవిడ లెక్కలో మొదటి హత్య ఆ అధికారి చేసిందే.

ఇంత చెప్పి కూడా ఒకటి దాచుకోలేను. మా నానమ్మ ఆ రోజుల్లో చిన్నపిల్ల. వాళ్ల ఊళ్లో ఒక మనిషిని, దొర గడికి కబుర్లు మోస్తున్నాడని, ఒక రాత్రి ఎవరో తీసుకుపోయారు. తెల్లారి చెరువుకట్ట కింద దొరికాడు. నానమ్మ చనిపోయేదాకా ఆ పోరాటాన్ని ఒక్క మాట అననియ్యలేదు, పాటలు పాడేది, కానీ ఆ మనిషి సంగతి వస్తే మాత్రం "ఆయన చెప్పిండో లేదో ఎవలకెరుక బిడ్డా" అని ఊరుకునేది. ఆ మనిషి భార్య తర్వాత ఎన్నో ఏళ్లు మా నానమ్మ వాళ్ల ఇంట్లోనే వడ్లు దంచిందట. ఒకే ఇంట్లో ఆ పాటా ఈ ఆమే ఉండేవి. మీ నవల్లో అట్లాంటి ఇల్లు ఒకటి ఉంటే నేను రెండు కాపీలు కొంటా.

మంథని వకీలు

రిటైరయ్యాను, టైముంది, చదివాను. చట్టం వైపు నుంచి కొంచెం.

చంపాలనే ఉద్దేశం వేరు, ఎందుకు చంపాడన్న కారణం వేరు. కారణం ఎంత మంచిదైనా నేరం నేరమే, శిక్ష దగ్గర మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. మీ వదినగారూ ఆ డిగ్రీ అమ్మాయీ నిజానికి ఒకే ప్రశ్న మీద కొట్లాడటం లేదు. ఒకరు నేరం గురించి మాట్లాడుతున్నారు, ఒకరు శిక్ష గురించి.

పెద్ద నష్టం తప్పించడానికి చిన్న నష్టం చేస్తే నేరం కాదని పాత శిక్షాస్మృతిలో 81వ సెక్షన్ ఉండేది, ఇప్పటి న్యాయ సంహితలో అది 19. అక్కడ ఇచ్చిన ఉదాహరణ చూడండి, మీకు పనికొస్తుంది. ఒక ఓడ కెప్టెన్‌కు, తన తప్పేమీ లేకుండానే, ఎదురుగా ఇరవై ముప్పై మంది ఉన్న పడవ వస్తుంది. తప్పించాలని ఓడ తిప్పితే ఇద్దరున్న ఇంకో పడవకు తగలొచ్చు. తిప్పాడు. ఆ ఇద్దర్నీ గుద్దాలన్న ఉద్దేశం లేదు గనుక నేరం కాదు. మీ సైనికుడికి ఈ సెక్షన్ చుట్టం కాదు, ఆయన ఓడ తిప్పలేదు, మనిషి నోట్లో వడ్లు కుక్కాడు.

దీని మీద లా కాలేజీలో అందరికీ చెప్పే కేసు ఒకటుంది. 1884లో మిన్యోనెట్ అనే ఇంగ్లీషు నౌక అట్లాంటిక్‌లో మునిగి నలుగురు చిన్న పడవలో పడ్డారు. తిండి లేదు, నీళ్లు లేవు. దాదాపు ఇరవై రోజులకు కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్ కలిసి నౌకలో చిన్న పనులు చేసే రిచర్డ్ పార్కర్‌ను చంపి, ముగ్గురూ తిని బతికారు. నాలుగు రోజులకే వేరే ఓడ వచ్చింది. ముగ్గురు బతకాలంటే ఒకడు పోవాలన్నది వాళ్ల వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఎవరు పోవాలో తేల్చే హక్కు ఎవరిది, ఆ పిల్లవాడినే ఎందుకు ఎంచుకున్నారు, పెద్దవాళ్లలో ఒకరు ఎందుకు కాకూడదు అని అడిగింది. ఉరిశిక్ష వేసింది, తర్వాత అది ఆరు నెలల జైలుగా తగ్గింది.

పార్కర్‌కు పదిహేడేళ్లు. సముద్రపు నీళ్లు తాగి జబ్బుతో పడి ఉన్నాడు. పడవలో అందరికంటే బలహీనుడు. నలభై ఏళ్లు నల్లకోటు వేసుకున్నాక నాకు గుర్తుండిపోయింది ఇంకోటి, ఆ కేసు పేరులో చంపినవాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి, చచ్చిన పిల్లవాడి పేరు లేదు.

1323 నాటి కోటలో విచారణ ఎట్లా జరుగుతుందో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పటి ధర్మశాస్త్రం మన భాషలోనూ ఉంది, విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసినదాన్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ఆ శాస్త్రాల్లో శిక్ష నేరాన్నిబట్టే కాదు, చేసినవాడి కులాన్నిబట్టి, చచ్చినవాడి కులాన్నిబట్టి మారుతుంది. మీ సైనికుడికి ఏ శిక్ష పడుతుందో అతని మంచితనం తేల్చదు.

పిచ్చిగారి ప్రశ్నే నాదీ. దగ్గినవాడు ఎవరు?

మట్టికోట

ఇంతమంది ఇంత రాస్తారని అనుకోలేదు. వకీలు సార్, మీ పోస్టు చదివాక టీ చల్లారిపోయింది.

చెప్పేస్తా. దగ్గింది పదేళ్ల పిల్లవాడు, ధాన్యం కొలిచే అతని కొడుకు. ఇంట్లో చలికి ఆగలేక కొఠారులో గోనెల వెనక పడుకుంటాడు. పొగకు దగ్గుతాడు, ముసలాయన చూస్తాడు, వాడూ ముసలాయన్ను చూస్తాడు. రెండు రోజుల తర్వాత పిల్లవాడు అగడ్తలో తేలతాడు. పదహారో అధ్యాయం.

నిజం చెప్తున్నా, దాన్ని నేను ప్లాటు కోసం రాశా. మధ్యలో ఇంకో శవం పడకపోతే కథ చప్పబడుతుందని. ముసలాయన ఏడుస్తూ చేశాడని కూడా రాశా, నాకు అక్కడ కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ముసలాయన కోసం. వదిన కూడా ఆ పేజీ దాటేసి "ఆయన చేసినదాంట్లో తప్పేముంది" అంది. ఆమెకు ఫోన్ చేసి, పిల్లవాడి సంగతేంటి వదినా అని అడిగా. కాసేపు ఆగి, "అవునురా, ఉన్నాడు కదా" అంది.

పాతపుస్తకాల పిచ్చి

అదీ! నేను చదివిన ఇట్లాంటి నవలల్లో సగానికి పైగా ఇదే జరుగుతుంది. మొదటి హత్యకు పెద్ద కారణం ఉంటుంది, దేశం, ధర్మం, ఆకలి, ఏదో ఒకటి. రెండో హత్యకు ఉండే కారణం ఒక్కటే, నేను దొరక్కూడదు. ఆ రెండో మనిషి ఎప్పుడూ ఎవడు? పాలేరు, దీపాలు వెలిగించేవాడు, వంటమనిషి, పడవ నడిపేవాడు. అధికారి గురించి ఇరవై పేజీలు రాసినవాళ్లు వీడి గురించి రెండు పేరాలు రాస్తారు. మంచికోసం చేసిన హింస ఏ రంగో తెలుసుకోవాలంటే నేను మొదటి శవాన్ని చూడను, రెండోదాన్ని చూస్తా.

సాధనాలు, లక్ష్యాలు అని పెద్ద మాటలు వద్దు. ఆ పిల్లవాడి పేరేంటి మీ నవల్లో?

మట్టికోట

పేరు లేదు. ఇప్పుడే ఫైలు తెరిచి వెతికా. 312 పేజీల్లో "పిల్లవాడు" అనే ఉంది.

ములుగు దారి

చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఒక్క మాట చెప్పి పోతా.

మీరంతా కోటలోపలి ఆకలి గురించే మాట్లాడుతున్నారు. ఆ కొఠారులో వడ్లు ఎక్కడివి? ఊళ్ల నుంచి వచ్చినవే కదా. మా మేడారం కథలో ఓరుగల్లు రాజు ఎవరో మీకు తెలుసు. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే దండు పంపినవాడు. పగిడిద్దరాజు పోయాడు, సారలమ్మ పోయింది, జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, వాగు పేరే మారిపోయింది. సమ్మక్కను వెనక నుంచి పొడిచారు. రెండేళ్లకోసారి మాఘ పున్నానికి అంతమంది అక్కడికి ఎందుకు పోతారో ఒకసారి ఆలోచించండి. మీరు కళాతోరణం చూస్తే ఛాతీ పొంగుతుంది, పొంగనివ్వండి, నాకూ రామప్ప అంటే ఇష్టమే. కానీ మీ మంచి సైనికుడు చిన్నప్పుడు ఏ దండులో పోయాడో అడిగారా ఎప్పుడైనా?

అతనికి అధికారిని చంపడం తేలిక, ఎందుకంటే అంతకుముందు ఎవరినో చంపి ఉంటాడు, అప్పుడు దాన్ని హత్య అనలేదు, జీతం ఇచ్చారు.

జనగామ టీచర్

ములుగు అన్నా, దండం. మా పాఠ్యపుస్తకంలో ఈ ప్రశ్న లేదు, సోమవారం క్లాసులో అడుగుతా.

సర్వాయి పాపన్న కూడా ఇట్లాంటి చిక్కే. మా ఖిలాషాపూర్ కోట ఆయనది. జనం పాటల్లో ఆయన మొఘలు సర్కారును ఎదిరించిన వీరుడు, నేనూ అట్లాగే విని పెరిగా. మొఘలుల వైపు నుంచి రాసిన ఖాఫీ ఖాన్ చెప్పేది వేరే, డబ్బున్న సొంత తోబుట్టువును దోచుకుని మొదలుపెట్టాడంటాడు, 1708లో ఓరుగల్లు మీద పడి ఊరు దోచుకుని, పెద్దింటి మనుషులను, ఆడవాళ్లు పిల్లలతో సహా పట్టుకుపోయాడంటాడు. ఖాఫీ ఖాన్‌కు పాపన్నంటే మంట, కాబట్టి అంతా నమ్మక్కర్లేదు. పాటకు పాపన్నంటే ప్రేమ, కాబట్టి అదీ అంతా నమ్మక్కర్లేదు. నేను రెండూ పిల్లలకు చెప్తా, తల్లిదండ్రుల నుంచి ఒకసారి ఫిర్యాదు కూడా వచ్చింది.

ఇక పిచ్చిగారి రెండో శవం సిద్ధాంతం బాగుంది కానీ పూర్తిగా ఒప్పుకోను. గడిలో దొరవారి లెక్కలో వెట్టివాడు మొదటి శవమూ కాదు, రెండోదీ కాదు, అసలు లెక్కలోనే లేడు. రెండోవాడికి పేరు పెట్టమంటున్నారు, సరే, మొదటి అధ్యాయానికి ముందు చచ్చినవాళ్లకు ఎవరు పెడతారు?

పాతపుస్తకాల పిచ్చి

పెట్టాలి టీచరుగారూ. కానీ నవల ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా.

జనగామ టీచర్

అదే అంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకునే హక్కు ఎప్పుడూ మీ డిటెక్టివ్ పక్షమే ఎందుకు?

గీసుకొండ కుర్రాడు

నేను విజిల్ వెనక్కి తీసుకుంటున్నా. పిల్లవాడి సంగతి ముందే చెప్పాలి కదన్నా. అయినా ఆ అధికారి పోయినందుకు మాత్రం నాకేం బాధ లేదు, రాసుకోండి.

మట్టికోట

నాలుగు రోజులు షాపు పని మీద మనసు లేదు, ఒకరి ఆధార్ ఇంకొకరికి ఇచ్చేశా. ఇదీ ఇప్పటికి తేలింది.

పిల్లవాడికి మల్లడు అని పేరు పెట్టా. పదేళ్ల కింద ప్రసూతిశాలలో వాడికి పురుడు పోసింది ఆ మంత్రసానే, అడ్డం తిరిగితే రాత్రంతా కూర్చుని బయటికి తీసింది. ఇది నాకు మూడేళ్లు తట్టలేదు, ఆమె మంత్రసాని అని రాసుకుని కూడా! ఇప్పుడు చివర్లో ఆమె ముసలాయన దగ్గరికి, ఆయన బురుజు మీదికే, ఒంటరిగా పోతుంది. అధికారి సంగతి ఎత్తదు. అసలు ఆ పేరే తీసుకోదు. ముసలాయనే చెప్పుకుంటూ పోతాడు, గింజలు, పిల్లల ఆకలి, దొంగ, కోట, అన్నీ. ఆమె వింటుంది. విని, "మల్లడు ఎట్లా పోయాడు?" అని అడుగుతుంది. ఆయన దగ్గర దానికి జవాబు ఉండదు, ఎందుకంటే మిగతా అన్నిటికీ సిద్ధం చేసుకున్నాడు కానీ దీనికి చేసుకోలేదు.

పట్టిస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. టీచరుగారి మాట మీద, గింజలు కోటకు తోలుకొచ్చిన ఒక ఊరి బండివాడితో మొదటి అధ్యాయం కొత్తగా రాస్తున్నా. ములుగు అన్నా, ముసలాయన ఒక రాత్రి ఏటూరునాగారం వైపు అడవిలో తను చేసిన పని తలుచుకుంటాడు, రెండు పేజీలు, ఎక్కువ కాదు. వదిన మళ్లీ చదువుతానంది, కానీ ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువుతుందట, టెన్షన్‌గా ఉంది.

ఏనుమాముల గుమస్తా

నమస్తే అన్నా. నేను మార్కెట్ యార్డులో మిర్చి కాంటా దగ్గర లెక్కలు రాస్తా. చర్చంతా చదివా, ధర్మం న్యాయం నాకంత తెలియదు. కానీ మిరపకాయ తెలుసు.

1323లో మన దగ్గర మిరపకాయ లేదన్నా. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చిన పంట, వాస్కో డ గామా కాలికట్‌లో దిగిందే 1498లో. చపాటా మిర్చికి జీఐ ట్యాగ్ వచ్చిన ఊళ్లో ఉండి ఈ మాట చెప్పాలంటే నాకే నోరు రావట్లేదు, కానీ మీ హంతకుడు పొగ పెట్టలేడు. కారం కావాలంటే అప్పుడు మిరియాలే.

మట్టికోట

అయిపోయా.

మిరప పోతే పొగ పోతుంది, పొగ పోతే దగ్గు పోతుంది, దగ్గు పోతే ముసలాయనకు మల్లడు అక్కడున్నట్టే తెలియదు. మూడేళ్లలో ఒక్కరూ చెప్పలేదు, ఆఖరికి వదిన కూడా.

ఏనుమాముల గుమస్తా

మిరియాల పొగ పెట్టించండి.

మట్టికోట

ముట్టడిలో తిండిగింజలే లేవు, బురుజు కాపలావాడికి పొగ పెట్టేన్ని మిరియాలు ఎవరిస్తారు తమ్ముడూ. ఎండు వేపాకు, తడి వరిగడ్డి కలిపి కాలిస్తే ఎట్లా ఉంటుంది? కోటలో అవి ఉంటాయి. ఇవాళ రాత్రి షాపు వెనక డబ్బాలో వేసి కాల్చి చూస్తా, దగ్గు వస్తే రేపు చెప్తా.